గాజుతొట్టిలో సముద్రము

మంచినీటి చేపలను గాజుపాత్రలో పెంచుట మనకు క్రొత్త కాదు. చెఱువునీటిని నింపి, నాలుగు నీటిమొక్కలను నాటి, రెండు చిన్నచేపలను వదలినచో అవి నెలల తరబడి బ్రతుకుచుండును. సముద్రజీవుల సంగతి అట్టిది కాదు. సముద్రపు చేపను సముద్రపు నీటితోనే పాత్రలో నుంచి యింటికి తెచ్చినను, అది కొలది దినములలోనే మరణించుట తఱచుగా జరుగును. నీరు అదియే, చేప అదియే; కాని ప్రాణము నిలువదు. కారణమేమి?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో గొప్ప యంత్రములను నిర్మించినవారు కలరు. విశేషముగా ధనమును వెచ్చించినవారు కలరు. కాని మిక్కిలి చక్కని సమాధానములు కొద్దిపాటి సాధనములతో ఓపికగా పనిచేసినవారినుండి లభించినవి. వారు కనిపెట్టిన ధర్మములను తెలిసికొన్నచో, చిన్న గాజుతొట్టిలో సముద్రమును నిలుపుట ఎట్లో బోధపడును. ఆ ముచ్చట హద్దు మీఱినప్పుడు సముద్రమునకు కలిగిన హానియు తెలియును.

ముందుగా పగడమనగా నేమో తెలియవలెను. అది రాయి కాదు, మొక్కయు కాదు. అది యొక జంతువు. మెత్తని చిన్న శరీరము, నడుమ నోరు, నోటిచుట్టు పూరేకులవంటి చేతులు, ఇదియే దాని రూపము. రాతిపగడము సముద్రపు నీటినుండి సున్నమును గ్రహించి తన క్రింద రాతిగిన్నె నొకదానిని కట్టుకొనును. కోట్లకొలది పగడములు తరతరములుగా ఇట్లు కట్టుకొనగా పగడపు దిబ్బలు ఏర్పడును. ఆస్ట్రేలియా ఈశాన్య తీరమునందలి దిబ్బల వరుస సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నది. మన దేశమున లక్షద్వీపములందును, అండమాను నికోబారు దీవులందును, మన్నారు సింధుశాఖయందును, పాక్ అఖాతమునందును, కచ్ సింధుశాఖయందును పగడపు దిబ్బలు కలవు. పగడములకు తేటయైన ఉప్పునీరు, చక్కని వెలుతురు కావలయును. గోదావరి, కృష్ణ మొదలగు నదులు మంచినీటిని, ఒండ్రుమట్టిని తెచ్చి కలుపుచుండుటచే ఆంధ్రతీరమున అట్టి పెద్ద దిబ్బలు ఏర్పడలేదు.

పగడపు దిబ్బల చుట్టునుండు నీరు అద్దమువలె తేటగా నుండును. ఆ నీటిలో ఆహారపదార్థములు మిక్కిలి తక్కువ. అయినను అచ్చట ఎన్ని రంగుల చేపలు, ఎన్ని పీతలు, ఎన్ని నత్తలు! బీద నీటిలో ఇంత సంపద యెట్లు కలిగినది? దీని రహస్యము పొదుపు. పగడపు శరీరములో కంటికి కనబడని ఒంటికణపు నాచు నివసించును. పగడము విడిచిన బొగ్గుపులుసు వాయువును, మలిన పదార్థములను నాచు గ్రహించును. సూర్యరశ్మి సాయముతో చక్కెరను తయారుచేసి అందులో పెద్దభాగమును పగడమునకు ఇచ్చును. చేప విసర్జించినది సూక్ష్మజీవులకు ఆహారము. రాతిమీది నాచు నత్తకు ఆహారము. మన పల్లెటూరి ఇల్లాలు బియ్యము కడిగిన నీటిని కుడితిగా పశువునకు పోయును. పశువు పేడను పెరటి పాదుకు వేయును. ఆ పాదుకు కాచిన కాయ మఱల వంటింటికే చేరును. పగడపు దిబ్బ అట్టి పొదుపరి సంసారము. కావున పొదుపుగా సముద్రపు తొట్టిని నిలుపగోరువాడు దిబ్బనే గురువుగా గైకొనవలెను.

ఈ పాఠమును మొదట నేర్చినవారిలో అన్నా థిన్ అను ఆంగ్లమహిళ యొకరు. ఆమె భర్త లండనులోని వెస్ట్‌మినిస్టరు ఆలయమున మతాధికారి. 1846వ సంవత్సరమున ఆమె టార్కీ అను సముద్రతీర పట్టణమునకు పోయినప్పుడు, అచ్చటి రాళ్లకు అంటియున్న చిన్న పగడములను చూచి ముచ్చటపడినది. అవి దిబ్బలు కట్టునవి కావు. చల్లని నీటిలో ఒంటరిగా పెరుగునవి. ప్రయాణమున అవి ఒకదానితో నొకటి ఒరసికొనకుండుటకై, సూదిదారములతో వానిని ఒక పెద్ద స్పంజికి కుట్టి, రాతిజాడీలో ఉప్పునీటియందు ఉంచి లండనునకు తెచ్చెను.

లండనులో సముద్రపు నీరు దొరకుట కష్టము. ఉన్న నీటినే కాపాడుకొనవలసివచ్చినది. అందుకై ఆమె ఒక ఉపాయమును కనిపెట్టినది. తెఱచిన కిటికీ యెదుట నీటిని ఒక పాత్రనుండి వేఱొక పాత్రలోనికి ఎత్తినుండి పోయుచు, అరగంట మొదలు ముప్పావుగంట వఱకు చల్లార్చినట్లు చేయించెడిది. ఈ పని చేసినది ఆ యింటి పనికత్తె. అట్లు పోయునప్పుడు నీటిలో గాలి కలియును. గాలిలోని ప్రాణవాయువు నీటిలో కరగును. నేడు విద్యుత్తుతో నడచు గాలియంత్రము చేయు పనిని ఆనాడు ఆ పనికత్తె చేతులు చేసినవి. 1847లో ఆమె సముద్రపు నాచుమొక్కలను తెప్పించి ఆ నీటిలో ఉంచెను. వెలుతురులో అవియు ప్రాణవాయువును విడువసాగినవి. ఈ విధముగా ఆ పగడములు దాదాపు మూడు సంవత్సరములు బ్రతికినవి. ఆమె పరిశీలనలు 1859లో ఒక శాస్త్రపత్రికయందు ప్రకటింపబడినవి.

1850లో రాబర్టు వారింగ్టను అను రసాయన శాస్త్రజ్ఞుడు మంచినీటితో ఇట్టి ప్రయోగమునే చేసి ఫలితమును లండను రసాయన సంఘమునకు తెలిపెను. చేపయు మొక్కయు ఉన్నను చాలలేదు. మొక్క ఆకులు కుళ్లి నీరు చెడిపోవుచుండెను. ఆ కుళ్లును తిను నీటినత్తలను వదలిన పిమ్మట నీరు తేఱినది. చేప, మొక్క, నత్త అను మూటి నడుమ సమతూకము కుదిరినది. అయినను వారింగ్టను చూడజాలని నాలుగవ పనివాడొకడు ఆ పాత్రలో దాగియుండెను.

చేప తిన్న తిండి కడకు అమ్మోనియా అను విషమగును. సముద్రపు నీరు కొంత క్షారగుణము కలది గనుక అందు అమ్మోనియా మఱింత హాని చేయును. మనము మొదట వేసికొన్న ప్రశ్నకు ఇదియే సమాధానము. ఇంటికి తెచ్చిన చేపను చంపినది దాని మలినమే. సముద్రమున ఆ విషము నిలువదు. కొన్ని సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగను, మఱికొన్ని నైట్రైటును నైట్రేటుగను మార్చును. నైట్రేటు అంత ప్రమాదకరము కాదు. ఈ సూక్ష్మజీవులను 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ అను రష్యను శాస్త్రజ్ఞుడు వేఱుచేసి చూపెను. ఇవి నీటిలో తేలుచుండుటకంటె రాళ్లమీదను, ఇసుకమీదను అంటుకొని జీవించుట ఎక్కువ. కనుకనే ఒట్టి నీటిని మాత్రము తెచ్చినవాడు సముద్రములో సగమును తీరముననే విడిచివచ్చినవాడగును.

ఇండొనీషియా రాజధానియగు జకార్తాలో లీ చిన్ ఎంగ్ అను నతడు నివసించెడివాడు. అతని కాలమున పెక్కుమంది పగడపు అస్థిపంజరములను తెల్లగా కడిగి, తొట్టిలో అలంకారముగా ఉంచి, యంత్రములతో నీటిని వడపోయుచుండిరి. లీ చిన్ ఎంగ్ అందుకు వ్యతిరేకముగా చేసెను. సముద్రమునందలి రాళ్లను, వానిని అంటియున్న నాచు, పురుగులు, సూక్ష్మజీవులతో సహా తొట్టిలో పేర్చెను. సముద్రపు నీటిని పోసెను. సన్నని గాలిబుడగలను పోనిచ్చెను, సూర్యరశ్మి తగులనిచ్చెను. వడపోత యంత్రము లేదు. అయినను ఆ తొట్లలో చేపలు, పగడములు జీవించినవి. 1961లో అతడు ఈ పద్ధతిని అమెరికాలోని ఒక మత్స్యపత్రికలో వివరించెను. ప్రాణమున్న ఆ రాళ్లే వడపోత యంత్రములు. రాతి పైభాగమున ప్రాణవాయువు ఆడుచోట అమ్మోనియా నైట్రేటుగా మాఱును. లోపలి సన్నని రంధ్రములలో, ప్రాణవాయువు చేరనిచోట, వేఱొక జాతి సూక్ష్మజీవులు నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి విడుచును.

ఇక ఒక చిన్న తొట్టిని తీసికొని లెక్క చూతము. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుకు కొంచెము మించిన ఎత్తు గల తొట్టిలో సుమారు 60 లీటర్ల నీరు పట్టును. సముద్రపు నీటిలో లీటరునకు ఇంచుమించుగా 35 గ్రాముల లవణము లుండును. కావున తొట్టికి 2,100 గ్రాములు కావలెను. వారమునకొకసారి 6 లీటర్ల పాతనీటిని తీసి క్రొత్తనీటిని పోయవలెను. అందుకు 210 గ్రాములు, నాలుగు వారములకు 840 గ్రాములు పట్టును. 300 లీటర్ల తొట్టికి దీనికి అయిదురెట్లు కావలెను. చిన్నతొట్టివలన ఖర్చు తగ్గుటకు ఇది యొక కారణము. కాని చెంబెడు నీళ్లు త్వరగా కాగును, త్వరగా చల్లాఱును. గంగాళపు నీళ్లు అట్లు కావు. చిన్నతొట్టిలో వేడియైనను, ఉప్పైనను, మలినమైనను క్షణములో హెచ్చుతగ్గు లగును. కావున తొట్టి ఎంత చిన్నదైన శ్రద్ధ అంత పెద్దదిగా నుండవలెను.

వంటయింటి ఉప్పును కలిపినచో సముద్రపు నీరు కాదా యని కొందఱు తలంతురు. కాదు. 35 గ్రాముల లవణములలో వంటయుప్పు సుమారు 27 గ్రాములు మాత్రమే. మిగిలినవి మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము మొదలగువాని లవణములు. శ్రీకాకుళము జిల్లా నౌపడా వంటి చోట్ల ఉప్పుమడులలో నీరు ఎండునప్పుడు కాల్షియపు లవణములు ముందుగా అడుగున చేరును. తరువాత ఉప్పు గడ్డకట్టును. మెగ్నీషియపు లవణములు చేదునీటిలో మిగిలిపోవును. ఆ చేదునీటిని ఉప్పునుండి వేఱుచేయుదురు. మన కూరకు అదియే మేలు. చేపకు అది చాలదు. అందుచే అన్ని లవణములు సరియైన పాళ్లలో కలిపిన మిశ్రమమును అంగడిలో కొనవలెను. ఈ విషయమున పొదుపు పనికిరాదు.

నీరు ఆవిరియగును గాని ఉప్పు ఆవిరి కాదు. తొట్టిలో 6 లీటర్లు ఆవిరియైనచో, 2,100 గ్రాముల లవణములును మిగిలిన 54 లీటర్లలోనే యుండును. తగ్గినదానికి బదులుగా ఉప్పునీటిని పోసినచో లీటరునకు 38 గ్రాములు మించును. రెండవసారియు అట్లే చేసినచో 42 గ్రాములగును. ఇది ఎఱ్ఱసముద్రపు నీటికంటెను ఉప్పన. కావున ఆవిరియైన నీటికి బదులుగా మంచినీటినే పోయవలెను. కుళాయినీటిలోని క్లోరినును పోగొట్టిన పిమ్మటనే దానిని వాడవలెను. రాగిబిందెను, ఇత్తడిచెంబును ఈ పనికి ముట్టరాదు. ఏలయన రాగి కొంచెము కరగినను నత్తలు, రొయ్యలు చచ్చును. ఉప్పు పాలు తెలిసికొనుటకు హైడ్రోమీటరు చాలును.

వేసవి యెండ తీవ్రమైన మన ప్రాంతములలో తొట్టినీరు కాగకుండ చూచుట ముఖ్యము. 24 మొదలు 27 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు ఉండుట మేలు. నీటిని చల్లబఱచు యంత్రము విలువగలది. మట్టికుండలోని నీరు చల్లగా నుండుటకు కారణము మీకు తెలియును: నీరు ఆవిరియగునప్పుడు వేడిని గొనిపోవును. తొట్టిమీద చిన్న పంకా గాలిని విసరునట్లు చేసినచో ఈ ధర్మమే పనిచేసి నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడును. కాని అప్పుడు ఎక్కువ నీరు ఆవిరియగును గనుక దినదినము మంచినీటిని చేర్చుచుండవలెను. విద్యుత్తుతో కూడిన పనులను పెద్దల సాయముతోనే చేయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది, కాసు ఖర్చు లేనిది, ఓర్పు. తొట్టిని నింపిన దినముననే చేపలను వదలరాదు. రంధ్రములుగల సున్నపురాళ్లను పేర్చి, నీటిని కదలుచుండునట్లు చేసి, చేపలు లేకుండనే చిటికెడు మేతను వేయుచుండవలెను. ఆ మేత కుళ్లి అమ్మోనియా పుట్టును; దానిని తినుటకు సూక్ష్మజీవులు పెరుగును. వానికి నాలుగు మొదలు ఆఱు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. పరీక్షించి చూచినప్పుడు అమ్మోనియాయు నైట్రైటును లేవని తేలిన పిమ్మటనే మొదటి చేపను వదలవలెను. అటుపిమ్మట నైనను, చేప రెండు మూడు నిమిషములలో తినగలిగినంత మేతనే వేయవలెను. ఆకలిచే చచ్చిన చేపలకంటె అతిగా వేసిన మేతచే చెడిన నీటిలో చచ్చిన చేపలే ఎక్కువ.

ఇంతవఱకు పొదుపు సంగతి. కాని డబ్బు పొదుపు చేయగోరి సముద్రమునుండి ఉచితముగా తెచ్చుకొందమనువారు కలరు. దాని ఫలము చరిత్రలో కలదు. ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1854లో సముద్రపు తొట్లను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. అంతకు ముందటి సంవత్సరమున లండను జంతుప్రదర్శనశాలలో గాజుతొట్ల మత్స్యశాల తెఱవబడియుండెను. ఇంగ్లండంతట ఈ వేడుక వ్యాపించినది. వేలకొలది జనులు బుట్టలతో, ఉలులతో తీరమునకు పోయి రాళ్లనడుమనున్న నీటిగుంటలను ఖాళీచేసిరి. తండ్రి గ్రంథమే ఇందుకు దారితీసినదని అతని కుమారుడు ఎడ్మండు గాస్ 1907లో ప్రకటించిన జీవితకథలో విచారముతో వ్రాసెను. తరువాతి కాలమున ఫిలిప్పీన్సు మొదలగు దేశములలో చేపలను స్పృహతప్పించి పట్టుటకై దిబ్బలమీద సయనైడు విషమును చల్లసాగిరి. చేపలతోపాటు పగడములును చచ్చినవి.

అందుచే మన దేశమున, 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద, 2001లో రాతిపగడములకును, నల్లపగడములకును, సముద్రపు గుఱ్ఱములకును పులికి, ఏనుగునకు గల రక్షణయే కల్పింపబడినది. వానిని సేకరించుటయు, అమ్ముటయు నేరము. తీరమున చచ్చిపడిన పగడపు ముక్కకును ఇదియే నియమము. లీ చిన్ ఎంగ్ పద్ధతిలోని ధర్మమును మనము గ్రహింపవచ్చును; కాని అతనివలె దిబ్బనుండి రాళ్లను తేరాదు. మామూలు సున్నపురాయిమీదను సూక్ష్మజీవులు కొన్ని వారములలో స్థిరపడును. ఇక చేపల విషయమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఎఱుపు, తెలుపు పట్టీలుగల క్లౌను చేపను తొట్లలోనే గ్రుడ్లు పెట్టించి పిల్లలను పెంచు పద్ధతిని సాధించిరి. ఆడుచేప రాతిమీద గ్రుడ్లు పెట్టగా, మగచేప రెక్కలతో నీటిని విసరుచు సుమారు వారము దినములు వానిని కాపాడును. ఇట్లు పెంపకమున పుట్టిన జంటను కొన్నచో సముద్రమునకు లోటు లేదు.

చిన్నతొట్టిని పెంచినవానికి మఱియొక సంగతి అర్థమగును. రెండు డిగ్రీల వేడి పెరిగినంతనే పగడము తన శరీరములోని నాచును వెలివేసి తెల్లబడును. వేడి తగ్గనిచో మరణించును. 1998లో లక్షద్వీపములందును, మన్నారు సింధుశాఖయందును, ప్రపంచమునందలి పెక్కు సముద్రములందును ఇదియే జరిగినది. తరువాతను అట్టి విపత్తులు మఱల మఱల వచ్చినవి. తొట్టిమీద పంకాను త్రిప్పి చల్లబఱచవచ్చును. సముద్రముమీద పంకాను త్రిప్పువాడెవడు? గాలిలోనికి మనము విడుచు బొగ్గుపులుసు వాయువును తగ్గించుటయే దానికి మందు.

తొట్టిని కొనుటకు శక్తిలేని విద్యార్థి చింతిల్లనక్కఱలేదు. ఒక సీసాలో చెఱువునీటిని, నీటిమొక్కను, ఒక నత్తను ఉంచి వారింగ్టను చూచిన సమతూకమును తానును చూడవచ్చును. విశాఖపట్టణమువంటి చోట్ల పెద్దల వెంట, ఆటు సమయమున తీరమునకు పోయినచో, రాళ్లనడుమ నీటిగుంటలలో పీతలను, నత్తలను, సముద్రపు పుష్పములను దర్శింపవచ్చును. రాతిని ఎత్తి చూచినచో, దానిని మఱల మెల్లగా, ముందున్న రీతిగనే ఉంచవలెను. దాని అడుగుభాగము నంటి బ్రతుకుచున్న ప్రాణులకు ఆ రాయియే ఇంటికప్పు.